ఇంటికి రెండో పిల్లి వస్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో మూడు పిల్లులు. పెద్దది మందారం, తొమ్మిదేళ్ళ ఆడపిల్లి. దాని తర్వాత గవర్రాజు వచ్చాడు, వాడి తర్వాత బెండు. ఇవి కాక, వానలు మొదలయ్యాయంటే ఎవరో ఒకరు అట్టపెట్టెలో పిల్లికూనను పెట్టుకుని మా తలుపు కొడతారు. వాటికి ఇల్లు దొరికేదాకా మా దగ్గరే ఉంటాయి. అందుకే తెలిసినవాళ్ళలో ఎవరింటికి రెండో పిల్లి వచ్చినా ఫోను నాకే వస్తుంది, చాలావరకు రాత్రి పదకొండు దాటాక, వెనకాల బుసలు వినబడుతుండగా. అడిగేవి ఎప్పుడూ ఇవే కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను. నేను డాక్టర్ని కాను. జబ్బుల గురించి ఇక్కడ ఉన్నదంతా పిల్లుల్ని మోసుకుని ఆస్పత్రుల చుట్టూ తిరిగి నేర్చుకున్నది. మీ పిల్లి విషయంలో మీ డాక్టరు చెప్పిందే చెయ్యండి.

మా పిల్లి ఒంటరిగా దిగులు పడుతోంది. తోడు తెస్తే సంతోషిస్తుందా?

దిగులు ఎవరిదో ముందు తేల్చుకోండి. పగలంతా ఇంట్లో ఎవరూ ఉండం, పాపం ఒక్కతే ఉంటోంది అని మనకు అనిపిస్తుంది. అది ఆ టైమంతా నిద్రపోతూ ఉంటుంది.

పిల్లి ఒంటరిగా వేటాడే జంతువు. మన ఇళ్ళలోని పిల్లులన్నిటికీ మూలమైన ఆఫ్రికా అడవిపిల్లి కూడా అంతే, గుంపు కట్టదు. మరి చేపల మార్కెట్ దగ్గర పది పిల్లులు కలిసి తిరుగుతాయి కదా అంటారా? అక్కడ తిండికి కొదవ లేదు. పైగా ఆ గుంపులో ఎక్కువగా తల్లులు, కూతుళ్ళు, అక్కచెల్లెళ్ళు ఉంటాయి. ముక్కూమొహం తెలియని పిల్లి వస్తే ఆ గుంపే కలిసి తరిమికొడుతుంది. మీ పిల్లి లెక్కలో కూడా మీరు తెచ్చేది తన గిన్నెలో వాటాకు వచ్చిన ఎవరో దారినపోయే శాల్తీ.

అలాగని తేవద్దని అనను. రెండు మూడు పిల్లులు హాయిగా బతుకుతున్న ఇళ్ళు బోలెడు. కాకపోతే రెండోదాన్ని మీ ముచ్చట కోసమే తెచ్చుకుంటున్నారని ఒప్పుకుని తెచ్చుకోండి. అప్పుడు పాతది మొహం మాడ్చుకున్నా 'నీకోసమే కదే తెచ్చాను' అని దాని మీద కోపం రాదు. ఇంకా పిల్లే లేని ఇల్లయితే ఒకే కాన్పులో పుట్టిన రెండు కూనల్ని కలిపి తెచ్చుకోండి, ఇక్కడ రాసినవాటిలో సగంతో మీకు పనే ఉండదు.

ఎలాంటి పిల్లి అయితే తొందరగా కుదురుతుంది?

ఆడా, మగా అన్నదానికన్నా వయసు, దూకుడు చూసుకోండి. పన్నెండేళ్ళ పిల్లి ఉన్న ఇంటికి మూడు నెలల కూనను తేవడమంటే తాతగారి పడకకుర్చీ పక్కన ట్యూషన్ పెట్టడమే. ముసలిదానికి నెమ్మదైన పెద్ద పిల్లి నయం. కూనే కావాలని పట్టుబడితే రెండు తెమ్మంటాను. వినడానికి వింతగా ఉంటుంది గానీ, అవి రెండూ ఒకదాని చెవి ఒకటి కొరుక్కుంటూ పెద్దదాని జోలికి పోవు. మీ పిల్లి ఏడాది రెండేళ్ళ కుర్రది అయితే ఒక్క కూన చాలు, ఆటకు ఆట.

పర్షియన్ ఉన్న ఇంట్లో వీధిపిల్లి ఇమడదన్నది ఉత్తమాట. మా బెండు వీధిలో పుట్టిందే.

ఎనిమిది వారాలు నిండని కూనల్ని మాత్రం తల్లి దగ్గర నుంచి తీసుకురాకండి, ఎవరు అమ్మజూపినా సరే. ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాళ్ళకు నొప్పెడుతుందో అవి నేర్చుకునేది తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర. ఆ చదువు లేకుండా వచ్చిన కూన మీ పాత పిల్లి తోక పట్టుకుని వదలదు.

తెచ్చిన రోజే చూపించేస్తే ఏమవుతుంది? వాటంతట అవే తేల్చుకోవా?

గవర్రాజు వచ్చిన రోజు నేను చేసింది అదే. హాల్లో బుట్ట మూత తీశాను. వాడు సోఫా కిందికి పరుగెత్తాడు, మందారం వెనకే దూరింది, ఆ అరుపులకు పక్క ఫ్లాటువాళ్ళు వచ్చి తలుపు కొట్టారు. గాయాలేమీ కాలేదు, ఒక గోరు విరిగిందంతే. కానీ ఆ ఇరవై సెకన్లు మరిపించడానికి నాలుగు నెలలు పట్టింది. వాడు హాల్లోకి రావడం మానేశాడు. వాడి వాసన తగిలితే చాలు, ఆవిడ గుర్రుమనేది. చివరికి వాడు ఆ రోజే వచ్చినట్టు మళ్ళీ గదిలో పెట్టి మొదటి నుంచి మొదలుపెట్టాను. బెండు వచ్చినప్పుడు తలుపు మూసి పద్ధతిగా చేశాను, ఐదు వారాల్లో పని అయిపోయింది.

కుక్కలు కరుచుకుని కాసేపటికి తోకలాడించుకుంటూ రాజీ పడతాయి. పిల్లుల్లో ఆ రాజీ పద్ధతి దాదాపు లేదు. మొదటిసారి చూసినప్పుడు ఏం జరిగిందో అదే మనసులో పెట్టుకుంటాయి.

విడిగా ఎక్కడ ఉంచాలి? మాది సింగిల్ బెడ్‌రూమ్.

తలుపు ఉన్న గది ఏదైనా సరే. పడకగది ఇచ్చి మీరు కొన్నాళ్ళు హాల్లో పడుకోవచ్చు, నేను అలాగే చేశాను. కాకపోతే పాత పిల్లి రోజూ పడుకునే చోటుని లాక్కుని కొత్తదానికి ఇవ్వకండి, పగ అక్కడే మొదలవుతుంది. బాత్‌రూమ్ తప్పనిసరి అయితే బకెట్లలో నీళ్ళు పారబోసి, యాసిడ్, ఫినాయిల్ సీసాలు బయట పెట్టి, నేల ఆరబెట్టి వాడుకోండి. బాల్కనీ వద్దే వద్దు. పావురాల కోసం కట్టే నైలాన్ వలను బెదిరిన పిల్లి కొరికి దూరిపోగలదు.

గదిలో లిట్టర్ ట్రే (పిల్లి దొడ్డికి వెళ్ళే పళ్ళెం, అందులో పోసే ఇసుకలాంటిది లిట్టర్) ఒక మూల, తిండి, నీళ్ళు దానికి ఎదురుమూల. దాక్కోడానికి ఒక అట్టపెట్టెను పక్కకు పడుకోబెట్టండి. గోళ్ళు గీరుకోడానికి గోనెసంచి చాలు, లేదంటే లావుపాటి కర్రకు కొబ్బరితాడు బిగించి చుట్టండి. వీధిలోంచి వచ్చినదానికి షాపులో అమ్మే లిట్టర్ ఏమిటో తెలియదు. ముందు ట్రేలో ఇసుక పోసి, రోజూ పిడికెడు చొప్పున లిట్టర్ కలుపుతూ పొండి. మరీ చిన్న కూనలకు గడ్డకట్టే బెంటోనైట్ రకం వద్దు, అవి దాన్ని తింటాయి.

మంచం కిందికి దూరి రెండు రోజులు బయటికి రాకపోయినా లాగకండి. రాత్రి మీరు నిద్రపోయాక వచ్చి తిని, ట్రే వాడుకుని మళ్ళీ దూరిందంటే అంతా బాగానే ఉన్నట్టు.

ఎన్ని రోజులు విడిగా ఉంచాలి?

కనీసం 2 వారాలు. ఇది స్నేహం కుదరడానికి పెట్టిన గడువు అనుకుంటారు చాలామంది. అసలు భయం జబ్బులది.

అన్నిటికన్నా భయపడాల్సింది పిల్లుల పార్వో. డాక్టర్లు పాన్‌ల్యూకోపీనియా అంటారు. తెల్లరక్తకణాలు పడిపోతాయి, వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి, టీకా వేయని కూనల్ని రెండు మూడు రోజుల్లో తీసుకుపోతుంది. వైరస్ సోకాక బయటపడడానికి వారం పది రోజులు పట్టవచ్చు. అందుకే వచ్చిన రోజు చెంగుచెంగున గెంతే కూన కూడా దాన్ని మోసుకొచ్చి ఉండొచ్చు. మాకు తెలిసిన ఒకావిడ షాపులో కొన్న కూనను నేరుగా పాత కూనలతో వదిలింది. ఐదో రోజుకి మొదటి వాంతి, రెండో వారం పూర్తయ్యేసరికి మూడింటిలో ఒకటే మిగిలింది.

ఆ వైరస్ నేల మీద, గుడ్డల మీద, చెప్పుల మీద నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా బతుకుతుంది. చేతులకు రాసుకునే శానిటైజర్‌కి చావదు. ముందు మురికి కడిగేసి, ఒక వంతు బ్లీచ్‌లో 30 వంతుల నీళ్ళు కలిపి 10 నిమిషాలు నేల మీద ఉండనిచ్చి, తర్వాత మంచినీళ్ళతో తుడవాలి. ఆరేదాకా పిల్లులు అటు రాకూడదు.

ఇక్కడ మనవాళ్ళు చేసే పెద్ద పొరపాటు ఒకటి ఉంది. శుభ్రం అనగానే చెయ్యి ఫినాయిల్ సీసా మీదికి పోతుంది. పిల్లి లివర్‌కి ఆ జాతి రసాయనాల్ని విరగ్గొట్టి బయటికి పంపే శక్తి బాగా తక్కువ. తడి నేల మీద నడుస్తుంది, కూర్చుని కాళ్ళు నాక్కుంటుంది, విషం కడుపులోకి పోతుంది. డెట్టాల్ లాంటివీ అంతే. పనిమనిషికి ఈ ఒక్క విషయం మాత్రం మర్చిపోకుండా చెప్పండి. పారాసిటమాల్ కూడా ఇలాంటి కారణం వల్లే పిల్లికి విషం, జ్వరంగా ఉందని చిన్న ముక్క కూడా వేయకండి.

ఈ 2 వారాలూ ముందు పాత పిల్లి పనులు, తర్వాత కొత్తదాని పనులు చూసుకోండి. ఆ గదికి వేరే చెప్పులు, ఒక పాత నైటీ లేదా చొక్కా కేటాయించి, బయటికి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోండి.

డాక్టరు దగ్గర ఏమేం చేయించాలి?

నులిపురుగుల మందు, ఒంటి మీది పురుగులకు మందు, చెవుల్లో నల్లటి గసి ఉందేమో చూడడం, వెంట్రుకలు ఊడిన గుండ్రటి మచ్చలుంటే తామర పరీక్ష. తామర మనుషులకూ అంటుకుంటుంది, నా మోచేతి మీద ఇంకా గుర్తు ఉంది. ట్రైక్యాట్ అని పిలిచే టీకా ఎనిమిది వారాల వయసు నుంచి మొదలుపెట్టి మూడు నాలుగు వారాల తేడాతో మళ్ళీ వేస్తారు, పార్వోతో పాటు రెండు జలుబు వైరస్‌లకు అదే రక్షణ. రేబిస్ టీకా మూడో నెల నిండాక. పాత పిల్లి టీకాలు కూడా గడువు దాటలేదని చూసుకోండి, ఇది అందరూ మర్చిపోతారు.

పిల్లుల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే ఎఫ్‌ఐవీ, ల్యుకీమియా వైరస్‌లకు రక్తపరీక్షలు వీలైతే చేయించండి, ముఖ్యంగా వీధిలో పోట్లాడి తిరిగిన గండుపిల్లి అయితే. మొదటిది ఎక్కువగా లోతైన కాట్ల ద్వారా అంటుకుంటుంది, రెండోది నాక్కోవడం, ఒకే గిన్నెలో తినడం ద్వారా కూడా. ఆరు నెలల లోపు కూనకు ఎఫ్‌ఐవీ ఉందని వస్తే బెంబేలెత్తకండి. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీల వల్ల అలా చూపించవచ్చు, మళ్ళీ పరీక్ష చేస్తారు. మీ ఊళ్ళో పిల్లుల్ని చూసే డాక్టరు దొరకకపోతే రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరంలలో పశువైద్య కళాశాలలున్నాయి, వాటి ఆస్పత్రుల్లో చూస్తారు.

వాసన అలవాటు చేయాలంటారు, అదెలా?

నన్నడిగితే మొత్తం పనిలో సగం ఇదే. పిల్లికి బుగ్గల మీద, నుదుటి మీద, తోక మొదట్లో వాసన గ్రంథులుంటాయి. వచ్చి మీ కాలికి, తలుపు అంచుకు బుగ్గ రుద్దుతోందంటే అక్కడ సంతకం పెడుతోందన్నమాట. ఇల్లంతా తన సంతకాలే ఉంటే దానికి ధైర్యం.

రెండు మెత్తటి పాత నూలుచీర ముక్కలు తీసుకోండి. ఒకదానితో పాత పిల్లి బుగ్గలు, ఇంకోదానితో కొత్తదాని బుగ్గలు నిమరండి. డాక్టరు చూసి అంటుజబ్బులేమీ లేవని చెప్పాక, గుడ్డలు మార్చి అటుదిటు, ఇటుదటు పెట్టండి. తిండిగిన్నె పక్కనే పెట్టకండి, కాస్త దూరంగా. పాత పిల్లి వాసన చూసి నోరు కొంచెం తెరిచి వెక్కిరించినట్టు మొహం పెడితే భయపడకండి. నోటి పైభాగంలో వాసన పట్టే ఇంకో అవయవం ఉంది, దానికి గాలి పంపుతోంది. బుసకొట్టి వెళ్ళిపోతే రేపు ఇంకా దూరంగా పెట్టండి. ఆ గుడ్డ మీద పడుకుందంటే మీ అదృష్టం పండింది.

తర్వాత గదులు మార్చండి. పాతదాన్ని ఇంకో గదిలో పెట్టి తలుపు వేసి, కొత్తదాన్ని గంటసేపు హాల్లో తిరగనివ్వండి. ఇంకోసారి కొత్తదాన్ని వేరేచోట పెట్టి తలుపు వేసి, పాతదాన్ని కొత్తదాని గది చూసి రానివ్వండి. ఒకటి కంటపడకుండా రెండోదాని ఇల్లు చూసి రావడం, పెళ్ళిచూపులకు ముందు వాకబు చేసినట్టు.

తలుపు దగ్గర తిండి పెట్టడం ఎందుకు?

ఆ వాసన వస్తే మంచి తిండి కూడా వస్తుందని అలవాటు కావడానికి. మూసిన తలుపుకి ఇటు ఒక గిన్నె, అటు ఒక గిన్నె. మొదటి రోజు ఆరడుగుల దూరంలో పెట్టండి. రెండూ తల ఎత్తకుండా తింటే మర్నాడు ఒక అడుగు ముందుకు. ఒకటి తినకుండా తలుపు వంక చూస్తోందంటే తొందరపడ్డారు, వెనక్కి జరపండి. రోజూ పెట్టే డ్రై ఫుడ్ కన్నా ఉప్పు, మసాలా, ఉల్లిపాయ లేకుండా ఉడకబెట్టిన చికెన్ పెడితే ఈ పని తొందరగా సాగుతుంది. ఆ చికెన్ వేరే ఏ టైములోనూ పెట్టకండి, తలుపు దగ్గరే.

మొదటిసారి ఎలా చూపించాలి?

దోమల కోసం బిగించుకునే జాలీ తలుపు దీనికి ఎంత పనికొస్తుందో చెప్పలేను. నైలాన్ జాలీ అయితే గోళ్ళకు చిరుగుతుంది, స్టీలుదైతే నిశ్చింత. జాలీకి పాత దుప్పటి కట్టి, తిండి టైములో కింద నాలుగు వేళ్ళంత ఎత్తండి. రోజూ కొంచెం కొంచెం పైకి. తుమ్ములు, కళ్ళలో నీళ్ళు ఉన్న పిల్లితో ఈ దశకు రాకండి, తుమ్ము తుంపర్లను జాలీ ఆపదు. జాలీ లేకపోతే తలుపు నాలుగు వేళ్ళ సందు మాత్రం తెరుచుకునేలా తాడు కట్టి కూడా నడిపించవచ్చు, పక్కనే కూర్చోవాలి అంతే.

జాలీ ఇటూ అటూ వారం రోజులు ప్రశాంతంగా తిన్నాక తలుపు తీయండి. ఇద్దరు మనుషులు, రెండు కర్రలు, కర్రల చివర రిబ్బన్లు. ఎవరి పిల్లిని వాళ్ళు ఆడించండి. ఐదు నిమిషాలు చాలు. బాగా ఉన్నప్పుడే ఆపేయండి, 'ఇంకాస్త చూద్దాం' అన్న చోటే చెడుతుంది. పిల్లిని చంకలో పెట్టుకుని ఇంకో పిల్లి మొహానికి మొహం పెట్టడం ఎవరు నేర్పారో తెలియదు గానీ చాలామంది చేస్తారు. గీరేది మీ మొహాన్నే.

ఒకటే బుస. ఆపేయాలా?

అక్కర్లేదు. బుస అంటే 'దగ్గరికి రాకు' అని నోటితో చెప్పడం. విన్న పిల్లి ఆగితే మాట చెల్లినట్టే. బుసకొట్టినందుకు పాత పిల్లిని తిట్టకండి.

ఆడుకుంటున్నాయా, కొట్టుకుంటున్నాయా ఎలా తెలుస్తుంది?

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు కదా, రెండు పిల్లుల మధ్య కూడా ఒకదానికి చెలగాటం, ఇంకోదానికి ప్రాణసంకటం కావచ్చు. ఆటలో వంతులుంటాయి. ఇప్పుడు ఇది పైన, కాసేపటికి అది పైన, మధ్యలో ఆగి ఒళ్ళు నాక్కోవడం, మళ్ళీ ఎగబడడం. చప్పుడు పెద్దగా ఉండదు, గోళ్ళు లోపలే ఉంటాయి. పోట్లాటలో చెవులు తలకు అతుక్కుంటాయి, తోక సీసాలు కడిగే బ్రష్‌లా ఉబ్బుతుంది, అరుపు కడుపులోంచి వస్తుంది, ఎప్పుడూ ఒకటే తరుముతుంది, ఒకటే పారిపోతుంది. అనుమానంగా ఉంటే చప్పట్లు కొట్టి ఆపి చూడండి. ఆటే అయితే రెండోది తిరిగి వస్తుంది.

గట్టిగా కొట్టుకుంటే ఎలా విడదీయాలి?

చేతులు పెట్టకండి. మధ్యలో ఒక దిండో, అట్టముక్కో దూర్చండి, లేదంటే ఒకదాని మీద దుప్పటి వేసి మూటలా ఎత్తుకుని వేరే గదిలో పెట్టండి. నీళ్ళు చల్లడం నాకు నచ్చదు. ఆ బెదురు కూడా ఎదుటి పిల్లి ఖాతాలోనే పడుతుంది. కోపంలో ఉన్న పిల్లిని ఓదార్చబోతే అడ్డొచ్చినవాళ్ళని కరుస్తుంది. చీకటి గదిలో వదిలేసి కొన్ని గంటలాగండి.

మిమ్మల్ని కరిచినా, రక్తం వచ్చేలా గీరినా పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆస్పత్రికి వెళ్ళి రేబిస్ టీకా గురించి అడగండి. పసుపు, కాఫీపొడి పెట్టకండి. పిల్లికి తగిలిన కాటు పైకి చిన్న చుక్కలా మూసుకుపోతుంది, రెండు మూడు రోజుల్లో లోపల చీము పడుతుంది. వాపు కనిపిస్తే డాక్టరు దగ్గరికే.

కొట్టుకోవడం లేదు, కానీ ఒకటి ఎప్పుడూ బీరువా మీదే ఉంటోంది.

మొత్తం ప్రశ్నల్లో నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇది, ఎందుకంటే ఇంట్లోవాళ్ళు 'కుదిరిపోయాయి' అనుకుంటుంటారు. పిల్లుల్లో దౌర్జన్యం చాలావరకు నిశ్శబ్దంగా సాగుతుంది. ఒకటి వంటింటి గుమ్మంలో తీరిగ్గా పడుకుంటుంది. చూసేవాళ్ళకు ముద్దుగా ఉంటుంది. కానీ ట్రేకి వెళ్ళే దారి అదే. రెండోది అడుగు ముందుకేస్తే ఇది కళ్ళార్పకుండా చూస్తుంది, అంతే, అది వెనక్కి తిరుగుతుంది. రోజంతా ఆపుకుని చివరికి మీ పరుపు మీద పోస్తుంది, తిట్లు దానికి పడతాయి.

మందు ఏమిటంటే దారులు పెంచడం. ట్రేలు పిల్లుల లెక్క కన్నా ఒకటి ఎక్కువ, రెండు పిల్లులకు మూడు. మూడూ పక్కపక్కనే పెడితే పిల్లి లెక్కలో అది ఒక్కటే, కాపలా కాయడం కూడా తేలిక. వేరువేరు గదుల్లో పెట్టండి. తినేటప్పుడు ఒకదానికొకటి కనబడకూడదు. నేల చాలకపోతే పైకి చూడండి. అటక మీద కాస్త చోటు ఖాళీ చేసి, బీరువా మీద గోనెపట్టా పరిచి, ఎక్కడానికి ఒక స్టూలు, దిగడానికి ఇంకోవైపు ఇంకో స్టూలు పెట్టండి. దారి ఒకటే ఉంటే పైన కూర్చున్నది బందీ అయిపోతుంది. మా చిన్న ఇంట్లో అటక ఖాళీ చేసిన రోజే సగం గొడవ తీరింది. (అత్తగారి ఇత్తడి గుండిగలు ఎక్కడ పెట్టాలన్నది వేరే గొడవ.)

పాత పిల్లి సోఫా మీద, గోడల మీద మూత్రం పోస్తోంది. కక్షా?

కక్ష కాదు, కంగారు. గోడకు వీపు పెట్టి తోక వణికిస్తూ చిమ్ముతుంటే సంతకాలు పెంచుకుంటోంది. కూర్చుని పోస్తుంటే ట్రే దగ్గరికి వెళ్ళలేకపోవడమో, జబ్బో. ఎంజైమ్ క్లీనర్‌తో తుడవండి, వాసన మిగిలితే మళ్ళీ అక్కడికే వస్తుంది. మూత్రం మీద బ్లీచ్ పోయకండి, ఘాటు గ్యాస్ వస్తుంది.

ఒకటి మాత్రం వాయిదా వేయకండి. మగపిల్లి మాటిమాటికీ ట్రేలో కూర్చుని ముక్కుతూ, అరుస్తూ, చుక్క కూడా రాకపోతే మూత్రనాళం మూసుకుపోయిందేమో. టెన్షన్ పడే పిల్లుల్లో ఇది వస్తుంది, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీస్తుంది. అర్ధరాత్రయినా డాక్టరుని లేపండి.

ఆపరేషన్ ముందా, పరిచయం ముందా?

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషనే ముందు. రెండింటికీ. ఆడపిల్లి నాలుగో నెలలోనే ఎదకు రావచ్చు, ఆపైన రెండు నెలల చిల్లరలో ఈనుతుంది. అన్నాచెల్లెలు అన్న వరస వాటికి లేదు. గండుపిల్లికి ఆపరేషన్ అయిన మర్నాడే నెమ్మదిస్తుందనుకోకండి, ఒంట్లో హార్మోన్ దిగడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ కొన్ని వారాలూ ఆపరేషన్ కాని ఆడపిల్లి దగ్గరికి వెళ్ళనివ్వకూడదు.

కొత్తది వచ్చాక పాతది తిండి మానేసింది.

ఒక పూట అలిగితే సరే. పెద్ద పిల్లి ఒకటిన్నర రోజు దాటి ఏమీ ముట్టకపోతే, కూన అయితే అర్ధరోజు దాటినా డాక్టరుకి చూపించండి. లావుపాటి పిల్లి కొన్ని రోజులు పస్తుంటే ఒంట్లో కొవ్వంతా లివర్‌కి చేరి పాడుచేస్తుంది. అలక మాన్పడానికి గిన్నె నిండా పాలు పోయకండి, పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు పడవు. సినిమాల్లో చూపించేది వేరు.

ఫెరోమోన్ డిఫ్యూజర్ కొనాలా?

దోమల మందు మెషీన్‌లా ప్లగ్గులో పెట్టేది. పిల్లి బుగ్గ వాసనను పోలిన మందు అందులో ఉంటుంది, ఒక సీసా దాదాపు నెల వస్తుంది. కొన్ని ఇళ్ళల్లో తేడా కనిపించింది, కొన్నింట్లో కరెంటు తప్ప ఏమీ ఖర్చు కాలేదు. డబ్బులు ఇబ్బందైతే వాటితో ఇంకో రెండు ట్రేలు కొనండి.

ఎండాకాలంలో ఏసీ ఒక్క గదిలోనే ఉంది. ఏం చేయాలి?

అందుకే ఏప్రిల్, మే నెలల్లో కొత్త పిల్లిని తేవద్దంటాను. రెండూ ఆ ఒక్క గదికోసమే చూస్తాయి. తప్పకపోతే కొత్తదానికి ఫ్యాను, కిటికీకి తడి గోనెపట్టా, మట్టిమూకుడులో నీళ్ళు. దీపావళి వారం కూడా వద్దు, పెళ్ళి ఉన్న ఇంట్లో అసలే వద్దు. వచ్చినవాళ్ళలో ఒకరు 'ఏదీ, పిల్లిని చూడనీ' అని ఆ తలుపు తీస్తారు. మా ఇంట్లో తీసింది మా మేనమామ. తలుపుకి తాళం వేసి తాళంచెవి బొడ్లో దోపుకోవడం నేర్చుకున్నది అప్పుడే.

కలిసిపోయిన పిల్లులే, ఆస్పత్రి నుంచి ఒకటి రాగానే కొట్టుకుంటున్నాయి.

ఇంటి వాసన పోయి ఆస్పత్రి వాసనతో వచ్చింది, కాబట్టి అది ఎవరో కొత్తది. ఒక రోజు విడిగా ఉంచి, ఇంట్లో వాడిన గుడ్డతో తుడిచి కలపండి. ఈసారి నుంచి రెండింటినీ కలిపి తీసుకెళ్ళి వస్తే ఇంకా మంచిది.

ఎన్నాళ్ళు పడుతుంది? ఎప్పటికీ కుదరకపోతే?

కూనలకు వారాలు, పెద్దవాటికి నెలలు, కొన్నింటికి ఏడాది. ఒకదాన్నొకటి నాక్కుంటూ ఒకే బుట్టలో పడుకోవాలని ఆశపడకండి. తోడికోడళ్ళలా ఒక వంటింట్లో ఎవరి పని వాళ్ళు చూసుకుంటే నాకు చాలు. మందారం, గవర్రాజు ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా ఆనుకుని పడుకోలేదు. పొద్దున పూట మాత్రం ఒకే కిటికీలో రెండడుగుల దూరంలో కూర్చుని పావురాల్ని చూస్తారు.

కొన్ని జంటలకు అదీ కుదరదు. మొదటి నుంచి రెండుసార్లు పద్ధతిగా చేశాక కూడా రక్తాలు కారుతుంటే, లేదా ఒకటి మంచం కిందే బతుకుతుంటే, కొత్తదానికి ఇంకో ఇల్లు చూడండి. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు, మనం ఒక ఇల్లు మార్చినందుకు సిగ్గుపడనక్కర్లేదు. ఇంకో పిల్లి లేని ఇల్లు చూసి, వీలైతే ఆ ఇంటికి మీరే వెళ్ళి దింపి రండి. పంపేటప్పుడు అది పడుకున్న గుడ్డ ఉతక్కుండా, వాడిన లిట్టర్ ఒక గుప్పెడు కవర్లో కట్టి ఇవ్వండి. అక్కడ దానికి తెలిసిన వాసన అదొక్కటే.